ఎడమకి తిరగాల్సిన చోట ముసలావిడ

పార్కు ఆఫీసులో సైకిలు దారుల చీటీలు రాసే వారికి,

అడవి దాటగానే వచ్చే మొదటి పొలం రైతు నమస్కరించి రాయునది.

నిన్న ఒక సైకిలాయన మా గట్టు మీద కూర్చుని నీళ్లు తాగి, మీ అచ్చు చీటీ మరిచిపోయి వెళ్లాడు. కూడబలుక్కుంటూ చదివాను. చదివేకొద్దీ ఇదంతా మా ఇల్లే కదా అని అనుమానం వచ్చింది.

“చెట్ల నీడ అయిపోయి పొలాలు మొదలయ్యే చోట ఒంటికొమ్ము ఎర్రావు కనిపిస్తుంది. అక్కడ నెమ్మదించండి. ఆకుపచ్చ దుప్పటి ఆరేసిన తీగ దాటండి. దారి రెండుగా చీలిన చోట ఒక ముసలావిడ బఠాణీలు వలుస్తూ కూర్చుని ఉంటుంది. అక్కడ ఎడమకి తిరగండి.”

ఆవు మాదే. దుప్పటీ మాదే. ఆవిడా మా ఆవిడే. నాకు తెలియాల్సింది ఒక్కటే. ఆవు ఉన్న చోట గడ్డి అయిపోయింది. వాగు పక్కకి మార్చి కట్టుకోవచ్చా, లేక మీ అనుమతి కావాలా?

ఇట్లు,
రైతు

తా.క. దుప్పటి ఆ ఒక్కరోజే ఉతికాం. మళ్లీ ఎప్పుడు ఉతుకుతామో చెప్పలేను.

*

రైతు గారికి నమస్కారాలు.

మీ ఉత్తరం చదివి గుండె జారిపోయింది. తప్పంతా నాదే. మా ఇంట్లో బడి మొహం చూసింది నేనొక్కదాన్నే. బోర్డులు చదవడం ఎవరికీ రాదు కాబట్టి మా వాళ్లు దారి చెబితే “గేదె పడుకున్న చోట కుడికి, దగ్గుతున్న తాత దగ్గర ఎడమకి” అనే చెబుతారు. ఆ లెక్కన నడిచి నేను ఏనాడూ దారి తప్పలేదు. చీటీ కూడా అలాగే రాసేశాను. అయిదు వందల ప్రతులు అచ్చయ్యాక గానీ ఆవులకి కాళ్లుంటాయని తట్టలేదు.

నా ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదండీ. వచ్చే నెల రెండో ఆదివారం మా పెద్దాఫీసరు గారు ఈ చీటీ ఒక్కటే చేతబట్టుకుని, అడవిలోంచి, పొలాల్లోంచి ముప్పై కిలోమీటర్లు తొక్కుతారు. ఆయన దారి తప్పకపోతే ఉద్యోగం ఉంటుంది. తప్పితే మా అమ్మ పనిచేసే ఇటుకల బట్టీకి నేనూ వెళ్లాలి. చేతులు జోడించి అడుగుతున్నాను, అప్పటిదాకా చీటీలో ఉన్నవేవీ మార్చకండి.

ఇట్లు,
విధేయురాలు,
చీటీలు రాసే అమ్మాయి

తా.క. మామ్మగారికి నా నమస్కారాలు చెప్పండి.

*

ఆఫీసు అమ్మాయి గారికి,

ఉత్తర్వు అందింది. అక్షరం పొల్లుపోకుండా అమలు చేస్తున్నాం.

ఆవు ఉన్నచోటే ఉంది. గడ్డి నేనే కోసి, మోపు కట్టి, నెత్తిన పెట్టుకుని దాని దగ్గరికి మోస్తున్నాను. అది నన్ను చూసే చూపే మారిపోయింది. కాస్త ఆలస్యమైతే గదమాయిస్తోంది. దుప్పటి తీగ మీదే ఉంది, మేం చలికి వణుకుతున్నాం. మొన్న వాన పడింది. దుప్పటి తడవచ్చో తడవకూడదో చీటీలో లేదు కాబట్టి వదిలేశాం. బఠాణీల కాపు అయిపోయింది. అందుకని మా ఆవిడ వలిచిన గింజల్ని మళ్లీ తొక్కల్లో పెట్టి, మర్నాడు మళ్లీ వలిచేది.

“వలిచేది” అని ఎందుకు రాశానంటే, ఇప్పుడు వలవడం లేదు. అసలు ఇదంతా ఎందుకని అడిగితే చీటీ చదివి వినిపించాను. అది నా బుద్ధి తక్కువ.

“ముసలావిడా? ఎవరా ముసలావిడ?” అంది.

“నువ్వే” అన్నాను. అది రెండో బుద్ధి తక్కువ.

అయిదు వందల కాగితాల మీద తనని ముసలిదాన్ని చేశారని అప్పట్నుంచి ఇంట్లో మాటల్లేవు. కోపం మీ మీద, మాట్లాడనిది నాతో.

ఇట్లు,
ఉత్తర్వు పాటిస్తున్న
రైతు

తా.క. మామ్మగారికి నమస్కారాలన్నారు కదా, చెప్పాను. దాంతో అన్నం మానేసింది. తను తినడం కాదు, నాకు పెట్టడం.

*

బాబాయి గారికి,

అది ఉత్తర్వు కాదండీ, బతిమాలుకోవడం. దయచేసి రాత్రిళ్లు దుప్పటి కప్పుకోండి. ఆవుకి మీరు మోపులు మోస్తుంటే నాకు ఇక్కడ ముద్ద దిగడం లేదు.

పిన్నిగారికి (మామ్మగారు అన్నందుకు వంద సార్లు చెంపలేసుకున్నాను) నా క్షమాపణలు. ఆ రోజు ఎండ కళ్లలో పడి సరిగ్గా కనిపించలేదు. చూసింది చూసినట్టు రాయాలని మా పంతులమ్మ నేర్పింది, అంతకన్నా దురుద్దేశం లేదు. వచ్చే అచ్చులో “ముసలావిడ” తీసేసి “పెద్దావిడ” అని వేయిస్తాను. అదీ నచ్చకపోతే పిన్నిగారి వయసు ఎంతో కచ్చితంగా రాసి పంపండి. అంకెల్లో వేయిస్తాను. అంకెల్లో ఉంటే ఎవరికీ బాధ ఉండదు.

ఇట్లు,
మీ అమ్మాయి

తా.క. పుట్టిన తేదీ రుజువు కాగితం ఉంటే అదీ జతచేయండి.

*

అమ్మాయీ,

నీ ఉత్తరం దాచేలోపే ఆవిడ కంటపడింది. చదవమంది. వయసు దగ్గరికి వచ్చేసరికి దగ్గొచ్చినట్టు నటించాను. పట్టేసింది.

ఇప్పుడు పరిస్థితి ఇది. జడ వేసుకుంది. పెట్టె అడుగు నుంచి పూసల దండ తీసి మెళ్లో వేసుకుంది. పీట తీసుకెళ్లి కుడి దారిలో చెట్టు కింద వేసుకుని, ఏ పనీ చేయకుండా, కాలు మీద కాలేసుకుని కూర్చుంటోంది.

నిన్న గాజుల్లాంటి సన్న చక్రాల సైకిళ్ల మీద ముగ్గురొచ్చారు. చీలిక దగ్గర ఎవరూ లేరు. మా వాకిట్లోకి వచ్చి, “తాతా, ముసలావిడ ఉందా?” అని గట్టిగా అడిగారు. అప్పుడే ఇంట్లోకి వచ్చింది ఆవిడ. లోపల్నుంచి గిన్నె వచ్చింది. వాళ్లు ఎడమకీ తిరగలేదు, కుడికీ తిరగలేదు. వెనక్కి తిరిగారు.

నీ ఉద్యోగం సంగతి తలుచుకుని, పోనీ ఆ రోజు నేనే ముసుగేసుకుని కూర్చుని వలుస్తానన్నాను.

“కూర్చో. ఆ మాట నీకే సరిపోతుంది” అంది. ఎనిమిది రోజుల్లో నాతో మాట్లాడింది ఈ ఒక్క మాటే.

ఇట్లు,
బాబాయి

తా.క. ముసుగు నాకు బాగానే ఉంది. మీసమే ఒప్పుకోవడం లేదు.

*

బాబాయికి,

ఎల్లుండే ఆదివారం. మా అమ్మకి జరిగిందంతా చెప్పాను. “ఇన్నేళ్లు ఇటుకలు మోసి నిన్ను చదివించింది ఆడవాళ్ల వయసు అచ్చేయించడానికా?” అని చెడామడా తిట్టింది. తిట్టాక ఏడ్చింది. అమ్మ అన్నది నిజమే. అక్షరాలు వచ్చాయి కదా అని, వాటిని ఎవరి మీద వేస్తున్నానో చూసుకోలేదు.

పిన్నిగారిని ఏమీ అడగకండి. ఎక్కడ కూర్చోవాలనిపిస్తే అక్కడే కూర్చోనివ్వండి. ఇటుకలు మోయడం నాకు కొత్త కాదు, సెలవుల్లో మోసినదాన్నే. దుప్పటి తీసేయండి. ఆవుని వాగు దగ్గర కట్టేయండి.

ఇట్లు,
మీ అమ్మాయి

తా.క. ఈ ఉత్తరం పిన్నిగారికి మొత్తం చదివి వినిపించండి. మధ్యలో దగ్గకండి.

*

అమ్మాయీ,

నీ ఉత్తరం దగ్గకుండా మొత్తం చదివి వినిపించాను. ఆవునీ దుప్పటినీ ఉన్నచోటే ఉంచాం. ఆదివారం జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

పొద్దున్నే మా ఆవిడ తనంతట తనే పీట తెచ్చి చీలిక దగ్గర వేసుకుంది. బఠాణీలు ఒళ్లో పోసుకుని కూర్చుంది. నేను పక్కకి జరిగి గట్టు మీద కూర్చున్నాను. ఏమన్నా తప్పయ్యేట్టుంది.

తొమ్మిదింటికి మీ ఆఫీసరు వచ్చాడు. మోకాళ్ల దాకా మట్టి, మొహమంతా చెమట. ఆవు దగ్గర నెమ్మదించాడు. దుప్పటి దాటాడు. చీలిక దగ్గర దిగాడు. చీటీ చూశాడు, మా ఆవిడని చూశాడు, మళ్లీ చీటీ చూశాడు.

“అమ్మా, ఇక్కడ ఒక ముసలావిడ ఉండాలే, ఎటు వెళ్లింది?” అన్నాడు.

మా ఆవిడ మొహం చూడాల్సింది నువ్వు! పెళ్లినాడు కూడా అంత వెలగలేదు. “అలాంటి వాళ్లెవరూ ఈ చుట్టుపక్కల లేరు బాబూ” అంది.

“అయితే చీటీలో ఉన్న చోటు ఇది కాదన్నమాట” అని ఆయన సైకిలెక్కి కుడి దారి పట్టాడు. ఆ దారి ముళ్లపొదల్లోకి పోతుంది, అక్కణ్ణుంచి బురదలోకి. నీ ఉద్యోగం నా కళ్లముందే తొక్కుకుంటూ పోతోంది.

అప్పుడు లేచింది మా ఆవిడ. బఠాణీలన్నీ నేలపాలు.

“బాబూ, ఆగు! ఆ ముసలావిడ నేనే! నేనే ముసలావిణ్ణి!” అని అరుస్తూ పరిగెత్తింది. చుట్టుపక్కల పొలాల్లో పనివాళ్లంతా తలెత్తి చూశారు. అంత వేగంగా పరిగెడితే ఎవడు నమ్ముతాడు చెప్పు?

ఆయన ఆగి, “పరాచికాలొద్దమ్మా, నాకింకా సగం దారి ఉంది” అన్నాడు. నలుగురు మనవలున్నారు అంది. మా అక్కకీ ఉన్నారు, ఆవిణ్ణి ముసలిదంటే ఊరుకోదు అన్నాడు. నెరిసిన జుట్టు చూపించింది. టోపీ తీసి తన జుట్టు చూపించాడు.

ఇక లాభం లేదని మా ఆవిడ అటూ ఇటూ చూసి, నోట్లో చెయ్యి పెట్టి, పై వరస పళ్లు మొత్తం తీసి ఆయన అరచేతిలో పెట్టింది.

ఆఫీసరు పళ్లని చూశాడు, చీటీ చూశాడు. తర్వాత పళ్లు రెండు చేతులతో వెనక్కిచ్చి, “ఈ చీటీ రాసిన అమ్మాయి ఉద్యోగానికి ఢోకా లేదమ్మా. రాసిందాంట్లో తప్పు లేదు, నా చూపులోనే ఉంది” అన్నాడు. సైకిలు చీలిక దాకా వెనక్కి తెచ్చి ఎడమకి తిరిగాడు. ఉద్యోగం ఖాయమైందన్న కాగితం నీకు ఈపాటికి అందే ఉంటుంది. మీ అమ్మకి చెప్పు.

ఒక్క సంగతి నీకే రాస్తున్నాను. అవి కట్టుడు పళ్లని నాకూ ఆదివారమే తెలిసింది. పదకొండేళ్ల కిందట చెల్లెలింటికని వెళ్లి నెల రోజులుండి వచ్చింది. అప్పుడన్నమాట! పదకొండేళ్లు నా దగ్గర దాచినదాన్ని, తను మొహం కూడా చూడని నీ కోసం నడిరోడ్డు మీద తీసింది. ఇంటికొచ్చాక పళ్లు పెట్టుకుని ఒకసారి, తీసేసి ఒకసారి నన్ను చూసి నవ్వింది. రెండూ బాగానే ఉన్నాయి.

ఇట్లు,
రెండు పూటలా అన్నం తింటున్న
మీ బాబాయి

తా.క. వచ్చే అచ్చులో ఆ మాట మార్చొద్దని మీ పిన్ని గట్టిగా చెప్పమంది. “ముసలావిడ” అనే ఉంచాలట. వచ్చిన ప్రతి సైకిలువాడూ తన ఎదురుగా నిలబడి, ఆవిడేదీ అని వెతుక్కోవాలట.