సుగుణ ఎడమ పాదం

1962 జనవరి 9

ఆఖరి ప్లాస్టరు కట్టు తీశారు. పుట్టినప్పుడు లోపలికి తిరిగి ఉన్న పాదం, ఇప్పుడు తిన్నగా... తెల్లగా, సన్నగా, ముడతలు పడి. నా బిడ్డ సుగుణ తన కాలిని తానే వింతగా చూసుకుంది. వేళ్ళు నోట్లో పెట్టుకుంది. పదిహేను నెలలు నిండాయి, ఇంకా నిలబడలేదు.

డాక్టరమ్మ మాట: "నిద్రలో మాత్రం పాదాన్ని తిన్నగా పట్టి ఉంచే ఈ బూట్లు. మెలకువగా ఉంటే వట్టి కాళ్ళే. బలవంతంగా నిలబెట్టొద్దు. ఇసుకలో వదలండి."

సముద్రపొడ్డున మా మైపాడులో ఇసుకకేం తక్కువ.

జనవరి 13

అత్తయ్య పెరటి ఇసుకలో మోకాటి లోతు గుంట తీసింది. "నా బిడ్డలందర్నీ ఇట్లనే పూడ్చి నిలబెట్టినా." నేను వద్దన్నాను. అత్తయ్య విసురుగా లోపలికి పోయింది. సాయంత్రం చూస్తే మనవరాలు గుంటలో కూర్చుని ఇసుక తోడుతోంది, నాయనమ్మ మళ్ళీ పోస్తోంది. ఇద్దరికీ ఒకటే నవ్వు.

జనవరి 30

నేను బడిలో పాఠాలు చెప్పి రాగానే సుగుణ కాలికి ఆముదం. పాదం వంచడం, లాగడం — డాక్టరమ్మ చూపినట్టే. ఏడుపు మానింది.

ఫిబ్రవరి 6

గోడ పట్టుకుని లేచింది. కూలబడింది. మళ్ళీ లేచింది.

ఫిబ్రవరి 17

నడిచింది.

పక్కింటి పోలమ్మ నెత్తళ్ళు ఎండబోస్తోంది. సుగుణ గోడ వదిలేసి ఒకటి, రెండు, నాలుగు అడుగులు — చేపల మీదే పడింది. గుప్పిట నిండా నెత్తళ్ళు. నేను పరుగెత్తబోతే పోలమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. "ఎత్తబాకమ్మా. నడిచొచ్చి తీసుకునింది గదా, తీసుకోనీ."

అత్తయ్య కళ్ళు తుడుచుకుంటూ, నాతో కాదు, పోలమ్మతో: "అంతా ఆ గుంట వల్లే."

అవునన్నాను.

ఫిబ్రవరి 25

చర్చి నుంచి వస్తూ సుగుణను తడి ఇసుకలో దింపాం. మా ఆయన వంగి అడుగుల గుర్తులు చూశారు. కుడి పాదం నిండుగా పడుతోంది. ఎడమది వేళ్ళు, అంచు... మడమ లేదు. "పడతాదిలే," అన్నారు. దాన్ని భుజాన ఎక్కించుకుని ఇంటిదాకా పాట.

మార్చి 20

నెల్లూరు ఆసుపత్రి. మడమ కొంచెం దిగిందట, ఇంకా దిగాలట. వానల దాకా చూసి, లేకుంటే చిన్న ఆపరేషన్.

వరండాలో అల్లూరు నుంచి వచ్చిన ఒకామె. ఒళ్ళో పసిబిడ్డ, రెండు కాళ్ళకూ కట్లు. సుగుణ నా వేలు వదిలేసి వాళ్ళ దగ్గరికి పోయింది, ఆ కట్లు తట్టి చూసింది.

"మీ బిడ్డకూ ఇట్లనే ఉండిందా అక్కా?"

ఉండిందన్నాను. సుగుణ నా దగ్గరికి తిరిగొచ్చేదాకా ఆమె దాని కాళ్ళనే చూస్తూ ఉంది. తర్వాత తన బిడ్డను ముద్దు పెట్టుకుంది.

ఆపరేషన్ మాట ఆయనకు చెప్పాను. గుంటే కాలు బాగుచేసిందనుకునే అత్తయ్యకు ఎట్లా చెప్పాలో...