గదికి ఇద్దరు

కొత్తపేట

వదినగారికి,

ఫోన్ చేస్తే మా కోడలు, అదే మీ అమ్మాయి తన్మయి స్పీకర్ ఆన్ చేస్తుందని, కాగితం మీద రాసి, కవరు అంటించి మావాడి చేతికిచ్చి పంపుతున్నాను.

పోయినేడు పిల్లలు నన్ను సముద్ర విహారానికని ఓడెక్కించారు. ఈసారి మీ వంతు. అందులో నాకేం బాధ లేదు. నా అనుభవం మీకు పనికొస్తే చాలు.

రైస్ కుక్కర్ పెట్టుకోకండి. ఎక్కేటప్పుడు తీసేసుకుని దిగాక ఇస్తారు. చెన్నై రేవులో చీటీ పట్టుకుని కుక్కర్ కోసం నిలబడింది నేనే. భోజనం టికెట్లోనే కలిసి ఉంటుంది. అది తెలియక మొదటిరోజంతా గదిలో కూర్చుని పులిహోర తిన్నాను. కూల్‌డ్రింకుకి మాత్రం బిల్లేస్తారు, నవ్వుతూ ఇచ్చారు కదా అని తాగేయకండి. మాత్రలు, ఒక జత బట్టలు చేతిసంచిలో ఉంచుకోండి, పెద్ద పెట్టెలు గదికి సాయంత్రానికి గానీ రావు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఐదు పట్టుచీరలు కొన్నారట. డెక్కు మీద గాలికి కుచ్చిళ్లు నిలవవు. అయినా మీ ఇష్టం.

ఇంకొక్క మాట. అన్నయ్యగారు నీళ్లంటే భయమని ఎల్బీనగర్ చౌరస్తా దాటనన్నారట కదా. గదిలో మీరొక్కరే ఉన్నా ఇద్దరి డబ్బూ కట్టాల్సిందేనని నిన్న మావాడు నసుగుతూ చెప్పాడు. అంత డబ్బు సముద్రంపాలు చేయడానికి నాకు మనసొప్పలేదు. నా పెట్టె సర్దేశాను.

కిటికీ వైపు మంచం నాకు అలవాటు.

నేనొస్తున్న సంగతి మావాడికింకా తెలియదు. మీరే మెల్లగా చెప్పండి. అత్తగారు చెబితే వాడు కాదనడు.

ఉంటాను,
మీ వదిన