ఫెయిజోవా చెట్టుపై ఫిర్యాదు

పాపటోయిటోయిలోని సుశీల పిన్నికి,

నమస్కారం. పక్కింటి ఊర్మిళ ఆంటీ పెరట్లోని, జామలాంటి కాయలు కాసే ఫెయిజోవా చెట్టు ఒరిగి మీ కంచె పలకలు విరిగాయట. "డిబేట్లలో అందరి నోళ్లూ మూయిస్తావుగా, ట్రిబ్యునల్‌కి గట్టి కంప్లయింట్ ఒకటి డ్రాఫ్ట్ చెయ్యవే!" అని ఫోనులో ఆజ్ఞాపించారు. రాయగలను, గెలిపించగలను కూడా. కాని ముందుగా నా వాదన వినండి.

ఈ ఏడాది యూనివర్సిటీలో నేను చదువుతున్నవి నాలుగు వందల ఏళ్ల నాటి ఇంగ్లండు పల్లె కోర్టుల రికార్డులు. వాటిలో ఆగ్నెస్ అనే ఆవిడ పొరుగామెను తిట్టి జరిమానా కట్టింది. ఆమె గురించి లోకానికి మిగిలింది ఆ తిట్టొక్కటే. అదే పొరుగామె పురిటికి ఆవిడ సాయం వెళ్లిందేమో, రొట్టె పంచుకుందేమో, ఏ గుమాస్తా రాయలేదు. కోర్టుకు కావలసింది తగాదా మాత్రమే.

అందుకే ఈ ఉత్తరంతో జతచేసిన మీ ఫిర్యాదులో ఒక వాక్యం అదనంగా చేర్చాను: "మావారు ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ మా ఇంటికి భోజనం పంపింది ఈ ప్రతివాదే." అది చదివాక కూడా మీరు సంతకం పెట్టగలిగితే, పోస్టు చేసే పూచీ నాది.

వాదన ముగించి, తీర్పు మీకే వదిలిన
మీ అక్క కూతురు