చెల్లెలి ఎంపిక మీద అన్న అభ్యంతరం

యువజన ప్రతినిధుల ఎంపిక అధికారి గారి సముఖమునకు, నగర చెత్త యార్డులో తూకం గుమాస్తా వ్రాసుకొను అర్జీ.

విషయం: సుస్థిర అభివృద్ధిపై జరుగు అంతర్జాతీయ సమావేశమునకు మా చెల్లెలిని యువ ప్రతినిధిగా ఎంపిక చేయుట – అందుపై అభ్యంతరం – దరిమిలా జరిగిన తప్పిదం – తగు చర్య కోరుట గురించి.

అయ్యా,

పై విషయమై తమకు విన్నవించునది:

1. సదరు ఎంపికకు నేనూ, నాకంటే ఆరేళ్లు చిన్నదైన మా చెల్లెలూ ఒకే రోజున దరఖాస్తు చేసుకున్నాము. ఆమె దరఖాస్తు నింపినది నేనే. "అనుభవం" అను గడిలో ఏమి రాయాలో ఆమెకు తోచకపోతే, కాలేజీ సెలవుల్లో మా యార్డులో చెత్త వేరుచేసే ఆడవాళ్లతో కలిసి పనిచేసిన సంగతి గుర్తుచేసినదీ నేనే. సదరు ఉపకారమునకు నేటికీ చింతించుచున్నాను.

2. ఇంటర్వ్యూలో "అక్కడికి వెళ్లి ఏం చేస్తారు?" అని తమరు అడిగితిరి. నేను పదకొండు నిమిషాలు మాట్లాడితిని. తడి చెత్త ఎంత, పొడి చెత్త ఎంత, ఏడేళ్ల తూకాలు తడుముకోకుండా అప్పజెప్పితిని. తమరు రెండుసార్లు గడియారం చూసుకున్నారు. తరువాత మా చెల్లెలు లోపలికి వెళ్లిన నిమిషానికే, బయట బెంచీ మీదున్న నాకు తమ నవ్వు వినిపించినది. ఏమన్నావని అడిగితే, "మాకు కుర్చీ చర్చ జరిగే బల్ల దగ్గర వేస్తారా, ఊరికే చూడమని గోడ పక్కన వేస్తారా అని అడిగానంతే అన్నయ్యా" అన్నది. ఎంపిక ఆ నవ్వుతోనే అయిపోయినదని నా అభియోగం.

3. అది మొదలు ఇంట్లో నా పరిస్థితి ఏమనగా, నేను ఇష్టపడి కొనుక్కున్న పెట్టె నన్ను అడగకుండానే ఆమె బట్టలతో నిండినది. అమ్మ నన్ను ఓదార్చుటకై "నువ్వూ ప్రయత్నించావుగా నాన్నా" అన్నది. ఆ "గా" నాకు ఇంకా గుచ్చుకుంటున్నది. సాగనంపే రోజున కంట్లో నలక పడిందని మొహం తిప్పుకొంటిని. నలక పడలేదు. కుళ్లు. దీనికి కార్యాలయ భాషలో సరైన పదం దొరకనందున ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

4. ఇక అసలు సంగతి. దీనికి నంబరు వేయడానికే చేయి రావడం లేదు.

సమావేశం మూడో రోజున, మధ్యాహ్నం భోజనం వేళ ఆమె ఫోను చేసినది.

"అన్నయ్యా, మాకు గోడ పక్కనే వేశారు. రేపు పొద్దున మాత్రం రెండు నిమిషాలు మాట్లాడమన్నారు. తీర్మానం ముసాయిదాలో ఒక పేరా ఉంది. చేతులతో చెత్త వేరుచేయడం ఆపి యంత్రాలు పెట్టాలట. పనివారిని సంప్రదించవచ్చును అని ఊరుకున్నారు గానీ, ఇప్పుడు ఆ పని చేసేవాళ్లు ఏమైపోతారో ఒక్క ముక్క లేదు. మన ఆడవాళ్లు వేరుచేస్తే ఎంత పనికొచ్చిందో, యంత్రం పెట్టి చూసిన ఏడాది ఎంత పాడైపోయిందో నీ రిజిస్టర్లో ఉంది కదా. ఆ పేజీలు ఫోటో తీసి పంపవా?"

"డ్యూటీలో ఉన్నాను, చూస్తాలే" అంటిని.

ఆ సమయమున తూకం మీద ఒక్క లారీ లేదు. రిజిస్టరు నా మోచేతి కిందే ఉన్నది. ఆమె మరి రెండుసార్లు ఫోను చేసినది. ఫోను బోర్లా పెట్టితిని. పంపలేదు.

5. మరునాడు ఆమె అంకెలు లేకుండానే మాట్లాడినది. మా తూకం గదిలో, నా ఫోనులోనే, ఆ ప్రత్యక్ష ప్రసారం యార్డు ఆడవాళ్లందరూ నా భుజాల మీదుగా వంగి చూశారు. "ఈ పని నేను చేశాను, ఏది కుళ్లిందో ఏది పనికొస్తుందో ముట్టుకుంటే తెలుస్తుంది" అని మొదలుపెట్టి, పేరాలో తప్పెక్కడో ఆమె చూపినది. విరామంలో ఇద్దరు దేశ ప్రతినిధులు బల్ల దగ్గర నుండి లేచి గోడ దాకా నడిచి వచ్చారట. సాయంత్రానికి ముసాయిదాలో "పనివారిని సంప్రదించవచ్చును" అన్న మాట పోయి "సంప్రదించి తీరవలెను" అని వచ్చినది.

అయితే ఆమె అడిగిన రెండోది, అనగా యంత్రాలు వస్తే వాటి మీద పని మొదట ఆ ఆడవాళ్లకే ఇవ్వాలన్నది, "ఆధారాలు లేవు" అని పక్కన పెట్టారు.

మా యార్డులో అందరికన్నా పెద్దామె, మేము అత్తా అని పిలుచుకునే ఆమె, నన్ను అడిగినది: "మన సంగతెందుకు ఆపేశారు బాబూ?"

"కాగితాలు చూపలేదట అత్తా."

"కాగితాలు నీ దగ్గరుంటాయి కదా" అని చేతి తొడుగులు వేసుకుని పనిలోకి వెళ్లిపోయినది. అనుమానంతో అన్న మాట కాదది. అందుకే తట్టుకోలేకపోతున్నాను. ఆ పూట చెల్లెలు ఫోను చేసి, "నీకు పని ఎక్కువైనట్టుంది, పర్లేదులే అన్నయ్యా" అన్నది.

6. నేను వెళ్లియుంటే ఆ పదకొండు నిమిషాల పాఠమే అప్పజెప్పేవాడిని. రెండు నిమిషాల్లో ఒక మాట మార్పించడం నా వల్ల అయ్యే పని కాదు. తమ ఎంపిక సరైనదే. ఈ ఒక్క వాక్యం కోసం మూడు కాగితాలు చించితిని.

కావున, పై 1, 2, 3 అభ్యంతరములు రద్దయినట్లు భావించవలెను. రాతపూర్వక ఆధారములు ఎంపిక కార్యాలయముల ద్వారా ఈ నెల ఇరవై వరకు స్వీకరింతురని తెలిసినది. ఏడేళ్ల తూకం రిజిస్టరు నకళ్లు, ముప్పై ఎనిమిది పేజీలు, జతపరిచితిని. వాటిని నా పేరున గాక మా చెల్లెలి పేరున పంపించి, నలభై ముగ్గురు ఆడవాళ్ల పని పోకుండా నిలబెట్టుటకు తోడ్పడవలెనని కోరుచు, నా మీద కోపము ఈ కాగితములకు అంటకుండా చిత్తగించవలెను.

తమ విధేయుడు (ఇకమీదట),
తూకం గుమాస్తా

తా.క.: ఆమె శుక్రవారం దిగుతుంది. ఈ అర్జీ ఆమెకు చూపవద్దని రాసి కొట్టివేశాను. చూపండి. ఎలాగూ అంతకుముందే నేను చెప్పాలి. వచ్చే ఏటి ఎంపికకు నా దరఖాస్తు కూడా ఇందులోనే పెట్టాను, వయసు దాటడానికి నాకింకా ఏడాదిన్నర ఉంది. ఆమె మళ్లీ పోటీకి వస్తున్నట్టు తమకు ముందుగా తెలిస్తే, దయచేసి నాకొక్క ముక్క చెప్పండి.