మా మామగారి దగ్గు నా పేరున నమోదైన సంగతి

క్షయ నివారణ విభాగపు అధికారి గారి సముఖమునకు, మలుపు దగ్గర కుట్టు దుకాణపు దర్జీ వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: ఒకరి కఫమునకు మరొకరిని రోగిగా నమోదు చేయుట, అసలు రోగిని వెంటనే రప్పించి పరీక్షించుట గురించి.

1. గత నెల తమ సిబ్బంది మా వీధిలో పెట్టిన క్షయ పరీక్షల శిబిరమునకు నేనును, మా ఇంటనే ఉండు మా మామగారును హాజరైతిమి. వరుసలో నేను ముందు, ఆయన వెనుక. పిల్లనిచ్చిన మామను నిలబెట్టి నేను ముందు ఉమ్మి రావడం మర్యాద కాదని నా స్థానము ఆయనకిచ్చితిని. డబ్బాల మీద పేర్లు వరుస ప్రకారం అప్పటికే అంటించి ఉన్నవని ఎరుగను. నా పేరు గల డబ్బాలో ఆయన, ఆయన పేరు గల డబ్బాలో నేను కఫము సమర్పించుకొంటిమి.

2. ఫలితముగా నాకు క్షయ ఉన్నదనియు, ఆయనకు లేదనియు కాగితములు వచ్చినవి. మూడు నెలలుగా దగ్గుచున్నది ఆయన. నేను చివరిసారి దగ్గినది పెళ్ళిచూపులలో, అదీ మాట దొరకక.

3. అది మొదలు, కొలతలు తీయునపుడు జనం ఊపిరి బిగబట్టి నిలబడుచున్నారు. అట్టి ఛాతీలకు కుట్టిన చొక్కాలు, ఊపిరి వదిలిన పిమ్మట గుడారములై వ్రేలాడుచున్నవి. తప్పు నా కత్తెరదంటున్నారు.

4. పెద్దాసుపత్రిలో రెండు మార్లు పరీక్ష చేయించుకొంటిని. ఏమీ లేదన్నారు. ఆ కాగితములతో తమ గుమాస్తాగారిని కలువగా, లెక్క పైకి వెళ్ళిపోయినదనియు, "ఒకరికి ఉందన్నాం, ఒకరికే ఉంది. సరిపోయింది కదయ్యా, ఇంకేం కావాలి?" అనియు సెలవిచ్చినారు. కఫము పరీక్షించిన యంత్రమును నేను తప్పుపట్టుట లేదు. అది రోగమును సరిగానే పట్టినది. మనిషిని పట్టుకోవలసినది మనమే.

5. అసలు బాధ ఇది. మామగారు తన కాగితమునకు పటము కట్టించి ముందు గదిలో తగిలించినారు. మళ్ళీ పరీక్ష చేయించుకోమంటే, రోగిష్టివాడు ఆరోగ్యవంతుడికి చెప్పొచ్చాడని నవ్వుచున్నారు. పైగా నా రోగం అంటకుండా మా ఐదేళ్ళ పాపను తన పక్కన పడుకోబెట్టుకొనుచున్నారు. ఆ దగ్గు గోడ ఇవతలికి వినపడుతూనే ఉంటుంది. అయ్యా, నాకు భయంగా ఉంది. దీన్ని ఇంతకన్నా మర్యాదగా రాయడం నాకు చేతకాదు.

6. ఆయన బతిమాలితే వినరు, పిలిచి పెద్దపీట వేస్తే కాదనరు. కావున "ఆదర్శ ఆరోగ్యవంతులు" అని సంబోధించుచు తమ ముద్రతో ఆహ్వానమొకటి పంపి, కుర్చీ వేసి కూర్చోబెట్టి, నాలుగు పొగడ్తల తరువాత మెల్లగా డబ్బా చేతికివ్వ ప్రార్థన. పేరు మాత్రం ఆయన ఉమ్మిన తరువాతనే అంటించవలెను.

కత్తెర పట్టు చేతితో వ్రాసినందున వంకరపోయిన అక్షరములను మన్నించి, విషయమును చిత్తగించవలెను.

తమ విధేయుడు,
కాగితము ప్రకారం రోగి

తా.క.: ఆహ్వానం అక్కర్లేదండీ. ఈ అర్జీ మిషను మీద పెట్టి దారం కోసం లేచాను. తిరిగొచ్చేసరికి మామయ్యగారు చదివేశారు. తిడతారనుకున్నా. అర్జీ మడిచి నా చేతిలో పెట్టారు. తర్వాత, "నాదేనేమోనని మొదటిరోజే అనిపించింది అల్లుడూ. కాగితం లేదంది, నమ్మేశాను. ఉందంటే పాపని నా దగ్గరికి రానివ్వరు కదా" అన్నారు. పాప పక్కబట్టలు ఆయనే మోసుకొచ్చి మా గదిలో వేసి, తను గుమ్మం బయటే నిలబడ్డారు. రేపు పొద్దున్నే ఇద్దరినీ తీసుకొస్తున్నాను. ముందు పాపను చూడండి. ఏమీ లేదని తేలితే, ఆ మాట నాకంటే ముందు ఆయనకు చెప్పండి.