కడిగిన వేర్లు

మునెప్పా,

నువ్వు పోయి నేటికి ఏడాది. ఇది చదవవని తెలుసు. బతికున్నప్పుడు కూడా నేను రాసింది నువ్వు చివరిదాకా చదివింది లేదు.

చాంపియన్ రీఫ్స్ గని దగ్గర, బంగారం తీశాక మిగిలిన పొడి పోసిన సైనైడ్ దిబ్బ పక్కన మనం నాటిన చండ్ర మొక్కలు ఒక్కటీ బతకలేదు గదా. మళ్లీ నాటడానికి ఈరోజు వ్యవసాయ కాలేజీ నుంచి ఒకమ్మాయి వచ్చింది. కొండ మన్ను ముద్దతో సహా మొక్కలు తెచ్చింది. ఆ మన్నులో కంటికి కనపడని బూజు ఉంటుందట. అది వేర్లలో చేరి, వాన లేనప్పుడు, చెడిన నేలలో చెట్టుకు నీళ్లూ సత్తువా అందిస్తుందట.

"ముందు నాటినవి ఎందుకు సచ్చిపోయినాయి తాతా?" అని అడిగింది.

నీళ్ల బిందెతో నిలబడ్డ నీ భార్య నారాయణమ్మ అందుకుంది. "మా ఆయన చెయ్యి మంచిది కాదు పాపా. ఆయనే అట్ల చెప్పుకుంటా ఉండె."

గని షిఫ్టు దిగితే గోళ్ల సందు దాకా తోముకునే మనుషులం మనం. నువ్వు గుంతలు తవ్వుతుంటే, శుభ్రంగా ఉండాలని వేర్ల మన్నంతా బకెట్‌లో కడిగేసింది నేను. మూడోనాడే మొక్కలు వాలిపోయాయి. నాకు అనుమానం వచ్చింది. నువ్వు నీ చేతిని తిట్టుకుంటుంటే విని ఊరుకున్నాను.

"ఆయప్ప చెయ్యి కాదమ్మా. వేర్లు కడిగింది నేను" అన్నాను.

నారాయణమ్మ బిందె కింద పెట్టింది.

"అప్పట్నించి ఆయన ఇంట్లో కరివేపాకు మొక్క గూడా ముట్టలేదు గదన్నా" అనింది.

తర్వాత గడ్డపార నా చేతికిచ్చింది. గుంత నేను తవ్వాను. మొక్కను మాత్రం ముట్టనివ్వలేదు. మన్ను రాలకుండా తానే దించింది.