బూటులో గుడ్డు

అక్కా,

బావగారు నలుగురి కాళ్లావేళ్లా పడి ఇప్పించిన ఉద్యోగానికి మీ మరిది సోమవారం ఎందుకు వెళ్లలేదో ఆయనకి నువ్వే మెల్లగా చెప్పాలి. నవ్వకుండా చెప్పు, నాకు చేతకావడం లేదు.

కొని తినడం మానేసి పండించుకుని తిందామని ఫ్లాటు ఖాళీ చేసి ఈ పల్లెకి వచ్చామా, టమాటాలకి తెగులు పట్టింది. కోళ్లకి మేత మెక్కడం తప్ప మరో పని తెలీదు. "ఇంక చాలు, ఆఫీసుకి పోతా" అన్నారు ఈయన. నేనూ కాదనలేదు. రాత్రే చొక్కా ఇస్త్రీ చేసి, బూట్లు తుడిచి వరండాలో పెట్టాను.

పొద్దున టై కట్టుకుని వచ్చేసరికి ఒక బూటు మీద నల్లపెట్ట బాసింపట్టు వేసుకుని కూర్చుంది. ఎత్తి చూస్తే లోపల గుడ్డు, ఇంకా వెచ్చగా ఉంది. మా కోళ్లు పెట్టిన మొట్టమొదటి గుడ్డు.

"బస్సు వెళ్లిపోతుందండీ" అన్నాను.

"వెళ్లనీ. దాన్ని కదపకు" అని, టై విప్పి గుడ్డు చుట్టూ మెత్తగా సర్దారు. ఆ మెట్ల మీదే కూర్చుని ఇద్దరం కడుపు నొప్పి పుట్టేదాకా నవ్వాం.

బావగారి కోపం చల్లారాక, ఆయన పాత బూట్లేమైనా ఉంటే అడిగి పంపు. ఇంకా నాలుగు పెట్టలున్నాయి.

నీ చెల్లి